పొద్దున మూడు గంటల కోసం: బెంగళూరు నుంచి వేసవి ఎంటీబీ ట్రిప్ ఎలా వేసుకోవాలి

ఎండాకాలంలో మట్టిబాటల మీద సైకిల్ తొక్కాలని (ఎంటీబీ, అంటే మౌంటెన్ బైకింగ్) బెంగళూరు నుంచి బయల్దేరేవాళ్లు ముందు మ్యాప్ తెరుస్తారు. నేను ముందు గడియారం చూడమంటాను. ఏప్రిల్, మే నెలల్లో హాయిగా తొక్కడానికి మీకు దొరికేది ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, అంటే పొద్దున మూడు గంటలే. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, రాత్రి ఎన్నింటికి పడుకోవాలి అనేవన్నీ ఆ మూడు గంటలను బట్టే తేల్చుకోవాలి.

ఇది నాకు మొదటి ట్రిప్‌లోనే తెలిసొచ్చింది. శనివారం తెల్లవారుజామున బయల్దేరి పదింటికి కాఫీ తోటకు చేరుకున్నాం. ఉత్సాహం ఆపుకోలేక వెంటనే సైకిళ్లు దించి పదకొండింటికి ట్రైల్ ఎక్కాం. పన్నెండున్నరకల్లా మా బావమరిది వాంతి చేసుకుని, తల తిరుగుతోందంటూ కాఫీ చెట్ల కింద పడిపోయాడు. నీళ్లు మోసుకొచ్చి తల తడిపి, గంటన్నర నీడలో పడుకోబెడితే తేరుకున్నాడు. ఆ గంటన్నర నేను పడ్డ టెన్షన్ మీరు పడకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

తేదీ, చోటు

ముందు తేదీ. మలెనాడు (కర్ణాటకలో పశ్చిమ కనుమల వైపు కొండ ప్రాంతం) కాఫీ తోటల్లో అరబికా కోత నవంబరు నుంచి జనవరి దాకా, రోబస్టా కోత దాదాపు మార్చి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో తోట దారుల నిండా ట్రాక్టర్లు, కూలీలు, బస్తాలు ఉంటాయి. కోత ముగిశాక దారులు ఖాళీ అవుతాయి. మార్చి, ఏప్రిల్‌లలో పూత వాన పడితే వారం పది రోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది. మల్లెల వాసనను తలపించే ఆ గాలిలో సైకిల్ తొక్కడం ఒక్కసారైనా చూడాల్సిన అనుభవం. ఏప్రిల్ మొదటి వారం నుంచి మే మూడో వారం దాకా మంచి సమయం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన ఊళ్లలో అంటారు కానీ, ఆ రోజులకు మలెనాడులో వానలు అప్పుడప్పుడూ మొదలైపోతాయి. జూన్‌లో రుతుపవనాలు దిగాక బాటలు జారుడుబల్లలవుతాయి, జలగలు కాళ్లకు పట్టేస్తాయి. ఇక కొత్తవాళ్లకు ఆ బాటలు వద్దు.

ఇప్పుడు చోటు. బెంగళూరు తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది మన మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. దాదాపు 1,265 మీటర్ల ఎత్తు, బెంగళూరు నుంచి 150 కిలోమీటర్ల లోపే. పిల్లలు, పెద్దవాళ్లతో కలిసి వెళ్లి, పొద్దున ఘాట్ రోడ్డు మీద ఎక్కుడు ప్రాక్టీసు చేసుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ అక్కడ తారు రోడ్డు దిగితే చుట్టూ అడవి, దానికి అటవీశాఖ అనుమతి కావాలి.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి చల్లదనంలో దానికి సాటి లేదు. అయితే 2024 మే నుంచి నీలగిరులకు వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. 2025 వేసవిలో రోజుకు 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలన్న పరిమితి కూడా పెట్టారు. బండీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఇన్ని లెక్కలు సరిచూసుకుంటూ రెండు రాత్రుల ట్రిప్ వేయడం కష్టం. ఊటీకి కనీసం నాలుగు రోజులు పెట్టుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది సకలేశ్‌పుర చుట్టుపక్కల కాఫీ తోటలు. బెంగళూరు నుంచి సుమారు 220 కిలోమీటర్లు. ఎత్తులో బెంగళూరుకూ దానికీ పెద్ద తేడా లేదు, రెండూ 900 మీటర్ల పైనే. తేడా అంతా నీడలో ఉంది. కాఫీ మొక్క నీడలో పెరుగుతుంది కాబట్టి సిల్వర్ ఓక్, పనస, అత్తి చెట్లు దారి పొడవునా గొడుగు పట్టినట్టు ఉంటాయి, వాటికి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. జీపు తిరిగే తోట దారులు మట్టి, రాయి, ఎండుటాకులతో నిండి ఎంటీబీ నేర్చుకోవడానికి అమరినట్టు ఉంటాయి. చిక్కమగళూరు, కూర్గ్ తోటలు కూడా ఇలాంటివే, దూరం కాస్త ఎక్కువ.

అనుమతి అడగడం

ఇది చాలామంది వదిలేసే పని. మ్యాప్‌లో సన్నని గీత కనిపించినంత మాత్రాన అది అందరూ తిరిగే దారి అని కాదు. కాఫీ తోట దారి ఒకరి సొంత ఆస్తి. రిజర్వు అడవి అయితే అనుమతి లేకుండా అడుగు పెట్టడం కర్ణాటక అటవీ చట్టం కింద నేరం. పైగా వేసవి కార్చిచ్చు కాలం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. వేసవిలో అడవి గేటు దగ్గర వద్దంటే మారు మాట్లాడకుండా వెనక్కి రండి.

అందుకే సొంత తోట ఉన్న హోమ్‌స్టే వెతుక్కోండి. బుక్ చేసే ముందు యజమానికి ఫోన్ చేసి మాట్లాడండి, మెసేజ్‌లతో సరిపెట్టకండి. తోటలో జీపు దారులు ఎన్ని కిలోమీటర్లు ఉంటాయి, పక్క తోట మీదుగా వెళ్లాలంటే వాళ్లను ఎవరు అడగాలి, ఏ ఫోన్ సిగ్నల్ అందుతుంది, కాపలా కుక్కలను పొద్దున కట్టేస్తారా, మొదటి రోజు దారి చూపించడానికి మనిషి దొరుకుతాడా అని అడగండి. చివరగా తప్పకుండా అడగాల్సింది: ఏనుగులు వస్తాయా?

ఈ ప్రశ్న లాంఛనానికి అడగమనడం లేదు. సకలేశ్‌పుర, కూర్గ్ తోటల్లో ఏనుగులు తిరగడం మామూలు. పనస పండే రోజుల్లో ఆ వాసనకు తోటల్లోకి ఇంకా ఎక్కువగా వస్తాయి, అది సరిగ్గా మన ట్రిప్ సమయమే. చీకటిలో, మసక వెలుతురులో వాటి కదలిక ఎక్కువ. అందుకే తెల్లవారుజామున ఐదింటికి కాకుండా, వెలుగు పూర్తిగా వచ్చాక ఆరున్నరకు బయల్దేరమంటున్నాను. పొద్దున పనికి వచ్చేవాళ్లు ఎదురైతే ఆగి, "అణ్ణా, ఈ కడె ఆనె బందిదెయా?" (అన్నా, ఇటువైపు ఏనుగు వచ్చిందా?) అని అడగండి. కన్నడంలో ఈ ఒక్క మాటైనా నేర్చుకుని వెళ్లండి. "హౌదు" (అవును) అంటే ఆ రోజుకు ఆ దారి మర్చిపోవాలి. తాజా పేడ, విరిగిన కొమ్మలు, నేల మీద చీల్చిన పనసకాయ కనిపించినా అంతే, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి తిరగండి.

రెండు వారాల ముందు

అపార్ట్‌మెంట్ చుట్టూ రౌండ్లు కొట్టే అలవాటుతో నేరుగా ట్రైల్ మీదికి వెళ్తే చేతులు ముందు అలసిపోతాయి. రెండు శనాదివారాలు ప్రాక్టీసుకు కేటాయించండి. నగరంలో తురహళ్ళి అడవి ఎంటీబీ వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన చోటు. కానీ అది అటవీశాఖ చేతిలో ఉంది, సైకిళ్లను రానిస్తున్నారో లేదో గేటు దగ్గర అడిగాకే లోపలికి వెళ్లండి. వీలుకాకపోతే మీ లేఅవుట్ చివర ఇళ్లు కట్టని సైట్ల మధ్య మట్టిదారి చాలు.

అక్కడ మూడే మూడు నేర్చుకోండి. ఒకటి, సీటు మీంచి లేచి నిలబడి, రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉంచి, మోకాళ్లూ మోచేతులూ కొద్దిగా వంచి దిగడం. దిగుడులో సీటు ఎత్తుగా ఉంటే పొట్టకు తగిలి మనిషి ముందుకు పడిపోతాడు, కాబట్టి దిగే ముందే సీటు కిందికి దించుకోవాలి. రెండు, బ్రేకు. ఒక్కో చేతికి ఒక్క వేలు లివర్ మీద ఉంచి, మిగతా వేళ్లతో హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. వేగం తగ్గించేది ఎక్కువగా ముందు బ్రేకే, కానీ మలుపు తిరిగాక దాన్ని నొక్కితే చక్రం జారుతుంది. మలుపు రాకముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేయాలి. మూడు, చూపు. ముందు చక్రం దగ్గరి రాయిని చూస్తే సైకిల్ ఆ రాయి మీదికే వెళ్తుంది. నాలుగైదు సైకిళ్ల పొడవు దూరంలో దారిని చూడాలి. ఈ మూడోది చెప్పినంత తేలిక కాదు. నాకు అలవాటు కావడానికి నెల పట్టింది.

ఒక ఆదివారం నంది కొండ ఎక్కి దిగండి. బెంగళూరుకు 60 కిలోమీటర్లు, ఎత్తు 1,478 మీటర్లు. పొడవైన దిగుడులో మీ బ్రేకులు ఎంత వేడెక్కుతున్నాయో, లివర్ మెత్తబడుతోందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

సైకిల్ తయారీ

సర్వీసును ఆఖరి శుక్రవారం చేయించకండి. వారం ముందు చేయిస్తే, ఏదైనా తేడా ఉంటే సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది. బ్రేకు ప్యాడ్ ఒక మిల్లీమీటరు కంటే తక్కువ మిగిలితే మార్చేయండి. హైడ్రాలిక్ బ్రేకులైతే మీ వాటిలో వాడేది మినరల్ ఆయిలా, డాట్ ఫ్లూయిడా కనుక్కుని మెకానిక్‌కు చెప్పండి. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంట్ (చిల్లులను మూసే ద్రవం) మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, కొత్తది పోయించండి. గాలి విషయంలో, 70 కిలోల మనిషికి 2.2 అంగుళాల టైరు అయితే ట్యూబ్ ఉంటే 30 పీఎస్‌ఐ దగ్గర, ట్యూబ్‌లెస్ అయితే 25 దగ్గర మొదలుపెట్టండి. రోడ్డు మీద లాగా 45 కొట్టి వెళ్తే సైకిల్ ప్రతి రాయి మీదా ఎగురుతుంది, పట్టు ఉండదు.

వెంట తీసుకెళ్లే వాటిలో ట్యూబులు రెండు, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు, మల్టీ టూల్, తెగిన చైన్‌ను కలపడానికి మీ చైన్ స్పీడుకు సరిపోయే క్విక్ లింక్ అందరికీ గుర్తుంటాయి. డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) మాత్రం మర్చిపోతారు. సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది, విరిగేది అదే. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఊళ్లో సైకిల్ షాపులో దొరకదు. ముందుగానే కొని ఒకటి బ్యాగులో పడేసుకోండి.

కారులో ఎక్కించడం

రెండు సైకిళ్లయితే హ్యాచ్‌బ్యాక్ వెనక సీటు మడిచి, చక్రాలు ఊడదీసి లోపలే పెట్టుకోవచ్చు. నాకు ఇదే ఇష్టం, దారిలో టిఫినుకు ఆగినా బెంగ ఉండదు. గేర్ల వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. అది లేకుండా పొరపాటున ఎవరైనా లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి చక్రం మళ్లీ ఎక్కదు. ఊడదీసిన చక్రాల మీద బరువు పెట్టకండి. ఒకసారి మా ఇడ్లీ కుక్కర్, బట్టల బ్యాగు రోటర్ (చక్రానికి ఉండే బ్రేకు డిస్క్) మీద కూర్చుని అది వంగిపోయింది. ట్రిప్పంతా ఆ చక్రం గీసుకుంటూనే తిరిగింది.

డిక్కీకి పట్టీలతో కట్టే ర్యాక్ వాడితే మూడు విషయాలు చూడండి. నంబరు ప్లేటు, వెనక లైట్లు కనిపించాలి. టైరు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉండకూడదు, రెండు గంటల ప్రయాణంలో ఆ వేడికి రబ్బరు కరుగుతుంది. ఎక్కించాక మొదటి పది కిలోమీటర్లకే ఆగి పట్టీలు మళ్లీ బిగించండి, అవి తప్పకుండా వదులవుతాయి. కారు పైన పెట్టుకునేవాళ్లు తిరిగొచ్చి బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి అలాగే వెళ్లిపోయే ప్రమాదం ఉంది. స్టీరింగ్ మీద "పైన సైకిల్" అని కాగితం అంటించుకోండి.

తిండి, నీళ్లు

శుక్రవారం రాత్రి పులిహోర కలిపి పెట్టుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ట్రైల్ మీద జేబులో పల్లీపట్టి, అరటిపండు చాలు. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు చొప్పున లెక్కేసి మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్లండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మీద రాసినట్టు సరిగ్గా లీటరు నీళ్లలో కలపండి. రుచి కోసం చక్కెర ఎక్కువ వేయకండి. తిరిగొచ్చాక ఉప్పేసిన పలచటి మజ్జిగ, పొద్దున బయల్దేరే ముందు రాగి జావ నాకు ఎప్పుడూ సరిపడతాయి.

మొదటి రోజు తొక్కొద్దు

శనివారం నుంచి సోమవారం దాకా, రెండు రాత్రుల బస పెట్టుకుని, శనివారం పొద్దున ఐదింటికి బయల్దేరండి. నెలమంగళ దాటి, కుణిగల్, చెన్నరాయపట్నం, హాసన్ మీదుగా 75వ జాతీయ రహదారి. ఆరు దాటితే నెలమంగళ దగ్గర వారాంతపు రద్దీలో గంట పోతుంది. తొందర పడాల్సిన పనేమీ లేదు, ఎందుకంటే ఆ రోజు సైకిల్ తొక్కేది లేదు. భోంచేసి పడుకోండి. సాయంత్రం నాలుగింటికి తోట మనిషిని వెంటబెట్టుకుని రేపటి దారంతా నడవండి. ఎక్కడ నీటి కాలువ అడ్డం వస్తుందో, ఎక్కడ ముళ్లకంచె ఉందో, ఏ మలుపు తర్వాత గేటు ఉందో, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో నడిస్తేనే కంటికి ఆనుతుంది. దిగుడులో వేగంగా వస్తూ మూసి ఉన్న గేటును మొదటిసారి చూసే పరిస్థితి తెచ్చుకోకూడదు. చీకటి పడకముందే తిరిగొచ్చి చక్రాలు బిగించి, బ్రేకులు పరీక్షించి, తొమ్మిదికల్లా పడుకోండి. సాయంత్రం ఉరుములు మొదలైతే ఎత్తయిన సిల్వర్ ఓక్ కింద నిలబడకుండా ఇంట్లోకి వచ్చేయండి.

ఆ మూడు గంటలు

ఆదివారం ఐదున్నరకు లేచి జావ తాగి, ఆరున్నరకు మొదలుపెట్టండి. మొదటి అరగంట ఎక్కుడు దారిలో తేలిక గేరులో, మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా వెళ్లండి. ఎక్కుడంతా చల్లని వేళలో పూర్తయ్యేలా, ఎండ ముదిరే వేళకు దిగుడు మిగిలేలా దారి ఎంచుకోవాలి. ఈ ఒక్కటి పాటిస్తే ఎండ దెబ్బలో సగం తప్పినట్టే. ముందు రోజు వాన పడి ఉంటే ఎర్రమట్టి మీద, తడి ఆకుల మీద, వేర్ల మీద బ్రేకు గట్టిగా నొక్కకండి. నిటారుగా దాటేయండి.

బాగా తొక్కే మనిషి ముందు, తర్వాత బాగా తొక్కేవాడు అందరికంటే వెనక, కొత్తవాళ్లు మధ్యలో. ప్రతి చీలిక దగ్గరా అందరూ వచ్చేదాకా ఆగాలి. ఆగినప్పుడు దాహం లేకపోయినా రెండు గుక్కలు తాగాలి. పొడవైన దిగుడు ముగిశాక రోటర్‌ను ముట్టుకోకండి, చర్మం ఊడొచ్చేంత వేడిగా ఉంటుంది. పనివాళ్లు ఎదురైతే దిగి దారి ఇవ్వండి. తెరిచిన గేటు మూయండి.

మనుషులను గమనిస్తూ ఉండండి. ఎవరైనా ఉన్నట్టుండి మాటలు తగ్గించేసినా, తలనొప్పి అన్నా, వికారంగా ఉందన్నా ఆ రోజుకు ఆయన రైడ్ అయిపోయింది. నీడలో పడుకోబెట్టి, హెల్మెట్, షూస్ తీసి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టి, విసురుతూ, కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ పట్టండి. మాట తడబడితే, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకుండా, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ 108కి ఫోన్ చేసి, జీపు దొరికితే అంబులెన్స్‌కు ఎదురు వెళ్లండి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో నిన్న నడిచినప్పుడే చూసి పెట్టుకున్నారు కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. పడి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా మళ్లీ సైకిల్ ఎక్కనివ్వకండి.

తొమ్మిదిన్నరకు, ఎంత బాగా సాగుతున్నా ఆపేయండి. ఇంకో రౌండ్ వేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ రౌండ్ సోమవారం పొద్దున వేయవచ్చు, అందుకే రెండు రాత్రుల బస పెట్టుకున్నాం. సోమవారం ఒక్కరోజు సెలవు అడగడానికి వెనకాడకండి. ఆదివారం దారి తెలుసుకుంటారు, రెండో పొద్దున దాన్ని నిజంగా తొక్కుతారు.

తిరిగి వచ్చాక

సోమవారం భోంచేసి బయల్దేరితే చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. ఎంత అలసినా సైకిళ్లను రాత్రంతా కారులో వదిలేయకండి. తడిసిన ఎర్రమట్టి చైన్ మీద ఆరితే మర్నాటికి తుప్పు, దుమ్ము కలిసి గట్టిపడిపోతాయి. బకెట్ నీళ్లు, పాత గుడ్డ చాలు. బేరింగుల మీదికి పైపు నీళ్లు వేగంగా కొట్టకండి. చైన్ తుడిచి నూనె చుక్కలు వేసి, చక్రం తిప్పుతూ ప్యాడ్ ఎంత అరిగిందో చూడండి. అరిగినంతా ఒక కాగితం మీద తేదీతో రాసి టూల్ బ్యాగులో పెట్టండి, వచ్చే వేసవికి కొత్త ప్యాడ్లు ఎప్పుడు కొనాలో దాన్నిబట్టి తెలుస్తుంది.